గొట్టం లేని గూడు

ఏమయ్యా, నీ కోసమే ఎక్కడో ఒకరు పుట్టి ఉన్నారని గోడకు చేరగిలబడి ఎదురుచూస్తున్నావు కదూ! ఎదుట నిలబడ్డ మనిషి ఒక్క తప్పు చూపిస్తే చాలు, నాకు రాసిపెట్టిన మనిషి ఈమె కాదని మొహం తిప్పుకుంటావు కదూ! సిగ్గు తెచ్చుకుని నిటారుగా కూర్చో. కనకడి సంగతి చెబుతాను, విను.

పొలాల మధ్య మోటబావి. దాని మీదికి వంగిన తుమ్మచెట్టుకు ఏటా తొలకరి పడగానే గిజిగాళ్లు గూళ్లు కడతాయి. వాటికో ఆచారం ఉంది. మగపక్షి పచ్చి ఆకుపోచలతో గూడు సగం అల్లి ఆపుతుంది. పెట్ట వచ్చి లోపల దూరి, పోచలు లాగి చూసి, నచ్చితే ఉండిపోతుంది. అప్పుడు మగపక్షి మిగతాది అల్లి, కిందికి పొడుగాటి గొట్టం దించుతుంది. ఆ గొట్టంలో కాకి తల పట్టదు. పిల్లలు బతికేది అందువల్లే.

కనకడు ఆ చెట్టుకు అందగాడు. పసుపు పూసినట్టున్న తన తలను బావినీళ్లలో చూసుకోవడమే వాడికి సగం పని. మిగతా సగంలో సగం గూడు అల్లాడు. ముత్తి అనే పెట్ట వచ్చి, గూట్లో దూరి, కాళ్లతో ఊపి చూసింది.

"చూడ్డానికి బాగానే ఉన్నావు. ఈ పక్క అల్లికే వదులుగా ఉంది. విప్పి మళ్లీ అల్లు. గొట్టం మాత్రం బారుగా దించాలి, ముందే చెబుతున్నా."

"వచ్చీ రాగానే వంకలా?"

"వంకలేంటయ్యా! గుడ్లు పెట్టేది నేను. కింద నీళ్లు చూశావా?"

కనకడు మూతి ముడుచుకుని పైకొమ్మకు ఎగిరాడు. అక్కడ శకునాలు చెప్పే ముసలి కాకి ఉంది.

"ఏం అల్లుడూ, మొహం అలా ఉంది?"

"గూడు విప్పి అల్లాలట మామా. గొట్టం కావాలట."

"అయ్యో పిచ్చివాడా! జన్మజన్మల తోడు అయితే నిన్ను చూస్తుందా, గొట్టం చూస్తుందా?"

"నన్నే చూడాలి."

"మరి? పెళ్లిపీటల మీద తలుపు గడియ గురించి అడిగే పిల్లను ఎక్కడైనా చూశామా? నీ కోసం పుట్టింది వేరే ఉంది. అది ఒక్క వంకా పెట్టదు. అదే గుర్తు."

ఆ మాట కనకడికి ఎందుకంత నచ్చిందో వేరే చెప్పాలా? విప్పి అల్లే పని తప్పింది. ముత్తిని పొమ్మన్నాడు. ముత్తి పక్క కొమ్మ మీద గంగులనే మొరటువాడి గూటికి వెళ్లి, అక్కడా అదే తప్పు పట్టింది. వాడు పెద్దగా గొణిగాడు. గొణుగుతూనే విప్పి అల్లాడు.

కొన్నాళ్లకు చెంగల్వ అనే పెట్ట వచ్చి కనకడి గూటి అంచున వాలింది. లోపలికి తొంగి కూడా చూడలేదు.

"గొట్టం అక్కర్లేదా?" అన్నాడు కనకడు.

"నువ్వుండగా గొట్టమెందుకు?"

కనకడి కళ్లు చెమర్చాయి. ముత్తి ఉండబట్టలేక పక్క కొమ్మ నుంచి అరిచింది: "అమ్మాయీ, గొట్టం దించేదాకా గుడ్లు పెట్టకే!"

"మీది సర్దుకుపోయే కాపురం అక్కా. మాది రాసిపెట్టిన బంధం."

"చిలకాగోరింకలు! నా దిష్టే తగిలేలా ఉంది" అని కాకి మురిసిపోయింది.

ఆ గూట్లో ఒక్క పోట్లాట లేదు. గంగులు, ముత్తిల గూట్లో పొద్దస్తమానం అదే. చెంగల్వ గుడ్లు పెట్టింది. ఒకరు గూట్లో ఉండి ఒకరు మేతకు పోవాలని కూడా ఆ ఇద్దరికీ తోచలేదు. విడిచి ఉండలేక ఒక ముసురు పొద్దున ఇద్దరూ కలిసే పోయారు. తిరిగొచ్చేసరికి గూట్లో పెంకులు. కొమ్మ మీద కాకి ముక్కు రుద్దుకుంటోంది.

"మామా! నువ్వేనా?"

"నన్నంటావేం అల్లుడూ? గొట్టం లేదు, తల పట్టింది."

కనకడు చెంగల్వ వైపు తిరిగాడు. కలిసి ఏడుద్దామనుకున్నాడు. చెంగల్వ అప్పటికే రెక్కలు విదిలిస్తోంది.

"నువ్వు నాకు రాసిపెట్టినవాడివే అయితే ఇలా జరిగేదా? నేనే పొరబడ్డాను. నావాడు ఇంకెక్కడో ఉన్నాడు."

ఎగిరిపోయింది.

కనకడికి అప్పుడు అల్లాలనిపించింది. పొలంలో వరి ఈనింది, ఆకు గరుకెక్కి అల్లికకు వంగడం లేదు. గూటి పోచలు ఎండి, ముక్కు తగిలితే పుటుక్కున తెగుతున్నాయి. గూడు అల్లనివాడికి జన్మజన్మల తోడు వచ్చినా నిలవదు.

పక్క కొమ్మ మీద ముత్తి పిల్లలకు మేత పెడుతూ, గొట్టం ఇంకాస్త దించలేదేమని గంగుల్ని తిడుతోంది. మిగిలిన వానాకాలమంతా కనకడు గోధుమరంగు తిరిగిన గూటి అంచున తడుస్తూ కూర్చున్నాడు. అటుగా వచ్చిన పెట్టలు ఒకసారి చూసి, మాట్లాడకుండా వెళ్లిపోయాయి. ఒక్కటంటే ఒక్కటి కూడా వంక పెట్టలేదు.