సింగదుర్గం కొలువులో గాలి కొలత

సింగదుర్గం రాజు మల్లభూపతికి ఒక మండు వేసవిలో కోరిక పుట్టింది. కొలువులో తాను పీల్చే గాలినే చివర నిలబడిన అర్జీదారుడూ పీల్చాలి. ఒకరికి ఎక్కువ, ఇంకొకరికి తక్కువ ఉండకూడదు!

కోరిక మంచిదే. దాన్ని తీర్చడానికి దొరికినవాడే మంచివాడు కాదు.

అతని పేరు భువనేంద్ర స్థపతి. కట్టిన మేడలకన్నా తగిలించుకున్న బిరుదులే ఎక్కువ. తనను తానే "మారుత మార్తాండుణ్ని" అని చెప్పుకునేవాడు. వినేవాళ్లు సిగ్గుపడేవారుగాని అతను పడేవాడు కాదు.

ఎర్రరాతితో పొడుగాటి కొత్త సభ కట్టాడు. కిటికీలన్నీ సింహాసనం పక్కనే పెట్టాడు. రాజు చల్లగా ఉంటే రాజ్యమంతా చల్లగా ఉన్నట్టే అతని లెక్క.

ప్రవేశం రోజున సింహాసనం పక్కన ఒక కర్ర నిలబెట్టి, దానికి పట్టుదారంతో నెమలీక వేలాడదీశాడు. ఈక హాయిగా ఊగింది.

"చూశారా ప్రభూ! గాలి కొలిచాను. సభంతా ఇలాగే ఉంటుంది. రవ్వంత తేడా ఉండదు" అన్నాడు.

"ఆహా!" అన్నాడు రాజు.

రాజు ఆహా అన్నాక తక్కినవాళ్లు ఊపిరాడకపోయినా ఆహా అనాల్సిందే. ఉత్తరీయాలతో మెడలు తుడుచుకుంటూ, చెమట కారే మొహాలతో, "అబ్బ, ఎంత చల్లగా ఉందో!" అని ఒకరితో ఒకరు పోటీపడ్డారు.

గొంకన ఒక్కడే ఆ పోటీలో దిగలేదు. రాజును నవ్వించడం అతని ఉద్యోగం. కాని ఆ పూట అతనికి నవ్వు రాలేదు. అతని చూపంతా చివరి స్తంభం దగ్గర కూర్చున్న మారన మీదే ఉంది. మారన అర్జీలు చదివి వినిపించే పెద్దాయన. ఒకప్పుడు గొంకనను చెయ్యి పట్టుకుని కొలువుకు తీసుకొచ్చింది ఆయనే. ఇప్పుడాయన తల పక్కకు వాలిపోతోంది.

రాజూ చూశాడు. "కొత్త సభలో మొదటిరోజే నిద్రా!"

మారన తడబడుతూ లేచాడు. "ప్రభూ, ఇక్కడ గాలి..."

"గాలి అంతటా సమానమే!" అని అడ్డుపడ్డాడు స్థపతి. "లోపం మనిషిలో ఉంది. ముసలితనం!"

"అయితే రేపటినుంచి ఇంటిపట్టునే ఉండవయ్యా" అన్నాడు రాజు.

మారన అర్జీల సంచి కింద పెట్టి మెల్లగా బయటికి నడిచాడు.

గొంకనకు ఒళ్లు మండింది. కాని గాలి లేదని తానొక్కడే అంటే, ఉందని సభంతా అంటుంది. రాజు ఎవరి మాట నమ్ముతాడో తెలిసిందే. అందుకని కాదనకూడదు. ఔననాలి. అందరికన్నా గట్టిగా ఔననాలి.

లేచి చేతులు జోడించాడు.

"ప్రభూ, ఇంతటి మహానుభావుణ్ని ఒట్టి ఆహాతో సరిపెడతారా? వారి మీద స్తుతి పద్యాలున్నాయని విన్నాను. సభలో చదివిస్తే బాగుంటుంది."

మాట పూర్తికాకముందే స్థపతి చంకలోంచి తాటాకుల కట్ట బయటికొచ్చింది. "ఎవరో అభిమాని రాశాడులే" అన్నాడు సిగ్గు నటిస్తూ.

"నేనే చదువుతాను. మీరు మాత్రం అదిగో, ఆ చివరి స్తంభం దగ్గర కూర్చోండి. జనం మిమ్మల్ని దగ్గరగా చూడాలి కదా!"

స్థపతి మొహం కాస్త మాడింది. "రాజుగారి పక్కనైతే బాగుంటుందేమో..."

"ఎక్కడైతేనేం స్వామీ? గాలి అంతటా సమానమేగా!"

రాజు తలూపాడు. స్థపతికి వెళ్లక తప్పలేదు.

గొంకన చదవడం మొదలుపెట్టాడు. ఒక్కో పద్యాన్ని సాగదీశాడు. ఒక్కో బిరుదును రెండేసిసార్లు పలికాడు. మొదట స్థపతి మీసం దువ్వుకుంటూ విన్నాడు. తర్వాత నుదురు తుడుచుకున్నాడు. ఆ తర్వాత తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. లేచిపోదామా అంటే పొగడ్త ఇంకా సాగుతోంది. తన పొగడ్తను సగంలో వదిలి లేచే రకం కాదతను.

"వాయుదేవుణ్ని పిలిచి పని చెప్పగల ధీరా!" అని గొంకన గొంతెత్తాడు.

బదులుగా చివరి స్తంభం దగ్గర్నుంచి గురక వినిపించింది.

ఎవరో కిసుక్కుమన్నారు. రాజు మొహం ఎర్రబడింది. "స్థపతీ!"

స్థపతి ఉలిక్కిపడి లేచాడు. తలపాగా కిందపడి దొర్లింది.

"కోప్పడకండి ప్రభూ" అన్నాడు గొంకన ఎంతో వినయంగా. "గాలి సమానం కాబట్టి శిక్షా సమానమే. మారనగారి వెనకే వీరినీ ఇంటికి పంపిస్తే సరిపోతుంది."

"నిద్ర కాదు మహాప్రభూ!" అని గొంతు చించుకున్నాడు స్థపతి. "ఇక్కడ వీసమెత్తు గాలి ఆడటం లేదు! ఇక్కడ ఎవడు కూర్చున్నా తల తిరిగి పడిపోతాడు!"

అన్నాకగాని తానేం అన్నాడో అతనికి తెలియలేదు. రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

గొంకన తాటాకులు దగ్గరికి చేరుస్తూ అన్నాడు:

"ఇప్పటికి కొలత పూర్తయింది ప్రభూ! ఇందాక వీరు కొలిచింది సభలో గాలి కాదు, మీ మొహం దగ్గర గాలి."

రాజు లేచాడు. సింహాసనం దిగి తిన్నగా చివరి స్తంభం దాకా నడిచాడు. కాసేపు అక్కడే నిలబడ్డాడు. పట్టు అంగీ వీపుకు అతుక్కుపోయింది. చుట్టూ చూశాడు. ఇందాక చల్లగా ఉందన్నవాళ్లంతా తలలు దించుకున్నారు.

"ఇంతమంది ఉడికిపోతూ నాకు చల్లదనం పాడి వినిపించారా!" అని ముందు ఛీకొట్టాడు. తర్వాత తన అమాయకత్వానికి తానే పగలబడి నవ్వాడు.

మనిషిని పంపి మారనను వెనక్కి పిలిపించి, కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. వెనక గోడకు కిటికీలు పెట్టేదాకా స్థపతి చివరి స్తంభం దగ్గరే కూర్చోవాలని ఆజ్ఞాపించాడు. మెడలోని ముత్యాలహారం తీసి గొంకన మెడలో వేశాడు.

"ఇంకేం కావాలో కోరుకోవోయ్!"

గొంకన చేతిలోని కట్టను బరువు చూసి నిట్టూర్చాడు.

"ఇంకా సగం మిగిలాయి ప్రభూ. ఇవి చదవమని మాత్రం అనకండి!"

సభంతా గొల్లుమంది.