నూకరత్నం పడవలో ఖాళీ చోటు

అనగనగా, గోదారి సముద్రంలో కలిసేచోట ఒక ఊళ్ళో లోవరాజు అని పడవలు కట్టే వడ్రంగి ఉండేవాడు. అతని భార్య మాణిక్యం. కూతురు నూకరత్నం, కొడుకు వీరబాబు.

ఆ అక్కాతమ్ముళ్ళకి ఒక చిన్న పడవ ఉండేది. చేపలకీ కాదు, సరుకులకీ కాదు, ఉత్త షికారుకి. దానికి రెండు తెరచాపలు. చుక్కానీ, పెద్ద తెరచాప తాడూ అక్కవి. ముందున్న చిన్న తెరచాప తాడు తమ్ముడిది. వాడు పడవ నడుమ, తెరచాప కట్టే కొయ్యకి చేరగిలి కూచుని, ఆ తాడు పట్టుకుని పాటలు పాడేవాడు.

అప్పుడు ఒక వానాకాలం ఆ ఊరికి జ్వరాలొచ్చాయి, బంగారూ. వీరబాబు పోయాడు. పాపం, చిన్నవాడు.

ఆ తర్వాత మాణిక్యం రేవు మొహం చూడలేదు. నూకరత్నం పడవ ఎక్కలేదు. తోడొస్తామని ఎవరన్నా, తమ్ముడి తాడు ఇంకొకరి చేతికివ్వనంది. తిండి కూడా మానేస్తోంది. ఉన్న ఒక్క బిడ్డా దక్కదేమోనని లోవరాజుకి భయం పట్టుకుంది.

అప్పుడు అతను, ఒక్క మనిషి నడుపుకునే పడవ చెయ్యాలనుకున్నాడు. మొదట ఉన్న పడవలోనే తాళ్ళు రెండూ చుక్కాని దగ్గరికి తెచ్చి కట్టి, తనే నడిపి చూశాడు. చేతులు రెండే ఆయె, పనులేమో మూడు. ఒకటి పడితే ఒకటి జారింది.

ఆ తర్వాత ముందు తెరచాప తీసేశాడు. ఎంత చుక్కాని తిప్పినా పడవ గాలికేసి మొహం పెట్టి నిలబడిపోయింది. కొయ్యని ముందుకి జరపాలని అతనికి తెలుసు. కానీ వాళ్ళ వంశంలో కొయ్య నాటేది పడవ నడుమనే, పసుపు రాసి, బొట్టు పెట్టి. తాతలు పెట్టిన చోటు కదిపితే కీడు అనేవారు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నట్టు అతనూ కూర్చున్నాడు. అటు పిల్ల చిక్కిపోతోంది.

ఒకనాడు భార్యతో అన్నాడు. "కీడు రానే వచ్చింది గదే మాణిక్యం. ఇంక దేనికి బయపడతాం?"

అప్పుడు మూడోసారి కొత్త పడవే కట్టాడు. కొయ్యని తీసుకెళ్ళి పడవ ముక్కు దగ్గర నాటాడు, పసుపూ బొట్టూ మానకుండా. ఆ బరువుకి ముక్కు మునగకుండా ముందువైపు బాగా వెడల్పు చేశాడు. ఒకటే తెరచాప, ఒకటే తాడు. ఇది పడవా, కుడితి తొట్టా అని ఊళ్ళోవాళ్ళు నవ్వారు. నవ్వేవాళ్ళకేం పని!

తమ్ముడి తాడు ఎవరికీ ఇవ్వక్కర్లేదు కదా అని నూకరత్నం పడవెక్కి, ఒక చేత్తో చుక్కాని, ఒక చేత్తో తాడు పట్టింది. పడవ తిన్నగా పోయింది. కానీ కొంచెం దూరం వెళ్ళాక పిల్ల ఎదుటికి చూసింది. కొయ్య ముందుకి పోయింది కదా, తమ్ముడు కూచునే చోటు బోసిగా ఉంది. ఏడుపు ఆగలేదు. పడవ వెనక్కి తిప్పేసింది. లోవరాజు నీళ్ళలోకి దిగి పడవని ఒడ్డుకి లాగాడు.

ఆ తర్వాత నూకరత్నం గబగబా ఇంటికెళ్ళి, తల్లి చెయ్యి పట్టుకుని రేవుకి తీసుకొచ్చింది. ఆ ఖాళీ చోట్లో కూచోబెట్టింది. మాణిక్యం అటూ ఇటూ చూసింది.

"నేనేం పట్టుకోవాలే?"

"ఏం పట్టుకోనక్కర్లేదమ్మా. నువ్వలా కూకో, చాలు."

అప్పుడు తెరచాపలోకి గాలొచ్చింది. పడవ వెళ్తూ ఉంటే, వీరబాబు పాట ఒకటి తల్లి సన్నగా ఎత్తుకుంది, కూతురు అందుకుంది. లోవరాజు ఒడ్డున నిలబడి వింటూ ఏడ్చాడు.

కథేమో కంచికి,
పడవేమో ఇంటికి,
నిద్రేమో నీ కంటికి.