ఎనభై ఏడో ప్రశ్న

సముద్రానికి పదహారు కిలోమీటర్ల దూరంలో, మెట్టకొండ మీదున్న టీవీ ప్రసార కేంద్రంలో కుందన అనే యువ ఇంజనీరు పనిచేస్తుండేది. లెక్కల్లో ఆమెకు ఆమే సాటి, కానీ దేన్నీ చివరిదాకా చదివే ఓపిక మాత్రం లేదు.

ఆ ఏడు వేసవిలో కేంద్రానికి కొత్త ట్రాన్స్‌మిటర్ వచ్చింది. బొమ్మనూ మాటనూ టవర్ మీది యాంటెన్నాకు పంపించే యంత్రం అది. చూడ్డానికి ఇనప బీరువాలా ఉండేది. దాన్ని నడపడం నేర్పడానికి సంస్థ ఆన్‌లైన్‌లో శిక్షణ పెట్టింది. పన్నెండు పాఠాలు, పద్దెనిమిది గంటల వీడియోలు, చివర నలభై ప్రశ్నల పరీక్ష. మొత్తం మూడు వందల పన్నెండు మంది ఇంజనీర్లు చేరారు.

కుందన మొదటి పాఠం పది నిమిషాలు చూసింది. ఆవులింత వచ్చింది. ఆ తర్వాత వీడియోకి సౌండు తీసేసి, కంప్యూటర్‌లో ఒక మూల దాన్ని నడవనిచ్చి తన పని తాను చూసుకునేది. శనివారం సందేహాల తరగతికి కెమెరా ఆపేసి హాజరయ్యేది. "ఎవరికైనా అనుమానాలున్నాయా?" అని పాఠం చెప్పే ఆయన ప్రతివారం అడిగేవాడు. తెర మీద అరవై పేర్లుండేవి. ఒక్క గొంతూ లేచేది కాదు.

పరీక్షలో మాత్రం కుందనకి ఒక కిటుకు దొరికింది. ఎన్నిసార్లయినా రాయవచ్చు. రాసిన ప్రతిసారీ ఏ నంబరు ప్రశ్నకు ఏ అక్షరం సరైన జవాబో తెర మీద చూపిస్తారు. ప్రశ్నలు మొత్తం నూట అరవై; వాటిలోంచి ప్రతిసారీ ఏవో నలభై వస్తాయి. 'పదహారు సార్లు రాస్తే దాదాపు అన్నీ కనబడాలి' అని ఆమె లెక్క వేసింది. పదహారు సార్లు రాసింది. నూట యాభై ఎనిమిది కనబడ్డాయి. ఒక కాగితం మీద పన్నెండు బి, పదమూడు డి, పద్నాలుగు ఎ అని రాసుకుని ఎక్కాల్లా బట్టీ పట్టింది. పదిహేడోసారి పరీక్షను ఆరు నిమిషాల్లో ముగించింది. నలభైకి నలభై వచ్చాయి.

మూడు వందల పన్నెండు మందిలో ఆమెదే మొదటి స్థానం. కేంద్రం అధికారి పద్మాకర్ గారు ధ్రువపత్రాన్ని అందరి ముందూ చదివి వినిపించి, "కొత్త మిషన్ బాధ్యత ఇక కుందనదే. దాని గురించి ఎవరికే అనుమానం వచ్చినా ఆ అమ్మాయినే అడగండి" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లు ఆగకముందే కుందనకు భయం పట్టుకుంది.

ఆ రోజు నుంచి ఆమె యంత్రం పక్కగా నడిచేటప్పుడు అటు చూసేది కాదు. దాని ఫ్యాన్ల చప్పుడు మారితే ఏదో పనున్నట్టు గదిలోంచి బయటికి వెళ్లిపోయేది. ఎవరైనా "మేడమ్, ఒక్క మాట" అంటే ఉలిక్కిపడేది. వాళ్లు అడిగేది సెలవు గురించో, టీ గురించో అయితే నవ్వేది, అవసరానికి మించి నవ్వేది. 'రేపట్నుంచి పాఠాలు మొదటినుంచీ చూస్తాను' అని రోజూ అనుకునేది. ఆ రేపు రాలేదు.

ఆగస్టులో ఒక గురువారం టవర్ కొసన ఉండే ఎర్రదీపం ఆరిపోయింది. అటుగా ఎగిరే విమానాలకు టవర్ ఉన్నట్టు తెలిపే దీపం అది. దాన్ని మార్చాలి. కానీ ప్రసారం సాగుతుండగా యాంటెన్నా దగ్గరికి వెళ్లిన మనిషి ఒళ్లు కాలిపోతుంది. పద్మాకర్ గారు సమావేశానికి పట్నం వెళ్లారు. సరిగ్గా ఆ రోజే పదకొండు నుంచి పన్నెండు దాకా కరెంటు తీస్తామని విద్యుత్ శాఖ వాళ్లు ముందుగా కబురు పెట్టారు. జనరేటరేమో మరమ్మతుకు వెళ్లింది. అంటే ఆ గంట ఎలాగూ ప్రసారం ఉండదు. పద్మాకర్ గారు ఫోన్ చేసి, "ఆ గంటలోనే పని కానిచ్చేయండి. మిషన్ సంగతి చూసుకోమ్మా" అన్నారు.

"చూసుకుంటాను సార్" అంది కుందన.

టవర్ ఎక్కేవాడు సన్యాసిరావు. యాభై రెండేళ్ల మనిషి. పాతికేళ్లుగా ఆ టవరే ఎక్కుతున్నాడు. అందరూ అతణ్ణి బాబాయ్ అనేవారు. అతను నడుముకి బెల్టు బిగించుకుని, కొత్త దీపాన్ని సంచిలో పెట్టుకుని కుందన దగ్గరకు వచ్చాడు.

"మేడమ్ గారూ, పాత మిషనైతే నాకు తెలుసును. కరెంటు పోతే మళ్లీ ఎవరో ఒకరు బటన్ నొక్కితేనే గాని లేచేది కాదు. ఇది కొత్తది కదా. దీని గుణమేటో మీకే తెలియాల. ఎక్కీమంటారా?"

కుందన యంత్రం వైపు చూసింది. తెర నల్లగా ఉంది. ఫ్యాన్లు ఆగిపోయి ఉన్నాయి. మనసులో ఏ మూలో ఏదో గుచ్చుకుంది. ఏడో పాఠంలోనో, ఎనిమిదిలోనో మనిషి టవర్ ఎక్కేముందు చేయాల్సిన పనులేవో ఉన్నట్టు గుర్తు. అవేమిటో గుర్తులేదు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. నలభైకి నలభై వచ్చిన మనిషి ఎలా చెబుతుంది?

"కరెంటే లేదు బాబాయ్, అదేం చేస్తుంది? ఎక్కేయండి" అంది.

"మీరు చదూకున్నారు. మీ మాటే మాట" అన్నాడు సన్యాసిరావు. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "పైనించి మీకేటన్నా తెమ్మంటారా? మబ్బు ముక్క?" అని నవ్వాడు.

టవర్ ఎత్తు తొంభై మీటర్లు. నిచ్చెనకు మూడు వందల మెట్లు. సన్యాసిరావు నిమిషానికి ఇరవై మెట్లు ఎక్కేవాడు. పదకొండూ ఐదుకి మొదలుపెట్టాడు. పదకొండూ ఇరవైకి పైనుంటాడని కుందన లెక్క వేసింది. టవర్ కింద నిలబడి తల పైకెత్తి చూస్తూ ఉంది. సముద్రపు గాలి ఈడ్చి కొడుతోంది. మనిషి చిన్నవాడైపోతూ, చిన్నవాడైపోతూ, చివరికి యాంటెన్నా పక్కన చీమంతయ్యాడు. పదకొండూ ఇరవై ఒకటి.

పదకొండూ ఇరవై రెండుకి కేంద్రం గుమ్మం మీది బల్బు వెలిగింది.

కుందనకు ముందు అర్థం కాలేదు. కరెంటు పన్నెండుకి కదా రావాలి. ఆ తర్వాత లోపల్నుంచి ఫ్యాన్ల చప్పుడు వినబడింది. ఎవరూ బటన్ నొక్కలేదు. యంత్రం తనంతట తాను నిద్ర లేస్తోంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఎనభై ఏడో ప్రశ్న. 'కరెంటు తిరిగి వచ్చాక ఎంతసేపటికి ట్రాన్స్‌మిటర్ దానంతటదే ప్రసారం మొదలుపెడుతుంది?'

జవాబు సి.

సిలో ఏముంది? పది సెకన్లా? అర నిమిషమా? ఐదు నిమిషాలా? ఆమె బుర్రలో సి అక్షరం నిక్షేపంగా ఉంది. దాని పక్కన ఏ అంకే లేదు. సన్యాసిరావుకు ఎంత సమయం మిగిలిందో ఈ కొండ మీద చెప్పాల్సిన మనిషి తనొక్కతే. తనకి తెలియదు.

"బాబాయ్! దిగండి! దిగండి!" అని అరిచింది. గాలి ఆ మాటను అటే ఎత్తుకుపోయింది. రెండు చేతులూ ఊపింది. పైనుంచి సన్యాసిరావు కూడా సరదాగా చెయ్యూపాడు. ఆమె మళ్లీ అరిచింది. అతను మళ్లీ ఊపి, యాంటెన్నా వైపు తిరిగాడు.

కుందన పరిగెత్తింది.

లోపల యంత్రం తెర మీద ఒక తెల్లగీత ఎడమనుంచి కుడికి మెల్లగా నిండుతోంది. సగం దాటిపోయింది. 'ఆపు' అన్న బొమ్మ కనబడితే వేలితో నొక్కింది. పలకలేదు. మళ్లీ నొక్కింది. కింద ఒక చిన్న పిడి ఉంది. దాన్ని ఎటు తిప్పాలి? అటు తిప్పింది. యంత్రం కూతపెట్టింది. భయపడి మళ్లీ ఇటే తిప్పేసింది. తెల్లగీత ముప్పావు దాటింది. శిక్షణలో అయితే తప్పు నొక్కినప్పుడల్లా 'మళ్లీ ప్రయత్నించండి' అని వచ్చేది. ఇక్కడ ఏమీ రాలేదు. గీత పూర్తిగా నిండింది.

పక్కనున్న టీవీలో బొమ్మ వచ్చేసింది. ఎవరో ఆవిడ మూకుట్లో గారెలు వేస్తూ నవ్వుతోంది.

కుందన గోడ దగ్గరికి దూకింది. మెయిన్ స్విచ్ పిడిని రెండు చేతులతో పట్టుకుని బలమంతా పెట్టి కిందికి లాగింది. టీవీ ఆరిపోయింది. ఫ్యాన్లు ఆగాయి. గది చీకటైంది.

ఇక బయటికి వెళ్లి చూడాలి. బయట ఏ చప్పుడూ లేదు, గాలి తప్ప. తలుపు దాకా ఎనిమిది అడుగులు. చూడనంతసేపూ సన్యాసిరావు ఇంకా బతికే ఉన్నట్టు అనిపించింది. గోడకి ఆనుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ఒకటి, రెండు అని లెక్కపెట్టుకుంటూ ఆ ఎనిమిది అడుగులూ వేసింది.

సన్యాసిరావు యాంటెన్నా కింద బెల్టుకు వేలాడుతున్నాడు. తల ఒక పక్కకు వాలిపోయింది. కదల్లేదు.

"బాబాయ్!"

కదల్లేదు. ఆ తర్వాత ఒక కాలు మెల్లగా జరిగి నిచ్చెన మెట్టును వెతుక్కుంది.

అతను దిగడానికి ముప్పై ఐదు నిమిషాలు పట్టింది. ఎడమచేత్తో పట్టుకుని, ఒక్కో మెట్టూ దిగాడు. కుందన మూడు వందలూ లెక్కపెట్టింది. ప్రతి అంకె దగ్గరా అతని చెయ్యి జారుతుందేమోననుకుంది. అతను కింద కూలబడేసరికి కుడి అరచేయి బొబ్బలెక్కి ఉంది. మూడు వేళ్లు నల్లగా కమిలిపోయాయి.

కుందన నీళ్లు తెచ్చి చేతి మీద పోసింది. ఆమె ఏడుస్తుంటే సన్యాసిరావే ఓదార్చాడు.

"ఒలమ్మ, మీరేటి చేత్తారు? పన్నెండన్నోళ్లు ముందే ఇచ్చీసినారు. అదంతా కరెంటోళ్ల తప్పు. పెద్దసారుకి అదే చెప్పండి."

అప్పుడే పద్మాకర్ గారి ఫోన్ వచ్చింది. "ఏమైందమ్మా? ప్రసారం ఒక్క క్షణం వచ్చి పోయిందట?"

కుందనకు మళ్లీ అదే భయం పట్టుకుంది. ఒక్క మాట చాలు. కరెంటు ముందే ఇచ్చేశారు సార్. అది అబద్ధం కూడా కాదు. ఎవరూ ఇంకేమీ అడగరు. మొదటి స్థానం అలాగే ఉంటుంది. ఆమె సన్యాసిరావు వేళ్ల వైపు చూసింది.

"బాబాయ్‌కి చెయ్యి కాలింది సార్. ముందు బండి పంపండి. తప్పు నాది. ఎక్కేముందు మిషన్ దానంతటది లేవకుండా ఆపేయాలి, ఆపలేదు. ఎలా ఆపాలో నాకు తెలియదు. నేను పాఠాలు చూడలేదు. జవాబుల అక్షరాలు బట్టీ పట్టి పాసయ్యాను."

"బండి పంపుతున్నాను" అని మాత్రం అన్నారు పద్మాకర్ గారు.

ధ్రువపత్రం రద్దయింది. ఆరు నెలలు ఆమె ఆ యంత్రం ముట్టుకోకూడదన్నారు. జవాబుల అక్షరాలు చూపించే పద్ధతిని సంస్థ వాళ్లు తీసేశారు. మూడు వందల పన్నెండు మందీ మళ్లీ పరీక్ష రాయాల్సి వచ్చింది. చాలామంది ఆమెను తిట్టుకున్నారు. వాళ్లలో నూట తొంభై మంది తప్పారు.

కుందన పద్దెనిమిది గంటల పాఠాలూ మొదటినుంచీ వింది. ఏడో పాఠంలో జవాబు దొరికింది. సి అంటే రెండు నిమిషాలు. అంటే నూట ఇరవై సెకన్లు. వాచీ పెట్టుకుని ఆ రోజు చేసిందంతా మళ్లీ చేసి చూసుకుంది. టవర్ కింద అరుస్తూ గడిపినవి నలభై. పరుగుకు ఇరవై ఐదు. తెర ముందు తడబడినవి యాభై తొమ్మిది. మొత్తం నూట ఇరవై నాలుగు. నాలుగు సెకన్లు ప్రసారం జరిగినట్టు యంత్రం కూడా తన చిట్టాలో రాసుకుంది. సన్యాసిరావు వేళ్లను కాల్చింది ఆ నాలుగు సెకన్లే. ఆ లెక్క చూసిన రోజు ఆమె అన్నం తినలేకపోయింది.

నాలుగు నెలలకు సన్యాసిరావు చెయ్యి మానింది. రెండు వేళ్లు మాత్రం పూర్తిగా ముడుచుకునేవి కావు. అతను మళ్లీ పనిలోకి వచ్చిన రోజు యంత్రం ముందు ఆగి, "మేడమ్ గారూ, పిడుగు పడితే ఇదేటి చేత్తాది?" అని అడిగాడు.

చుట్టూ నలుగురు ఉన్నారు. కుందన తల దించుకోలేదు.

"నాకు తెలియదు బాబాయ్. కనుక్కుని రేపు చెబుతాను. అప్పటిదాకా టవర్ దగ్గరికి ఎవరూ పోకండి."

"అలాగైతే ఇక మీ మాట మీద ఎక్కొచ్చు" అన్నాడు సన్యాసిరావు.

నీతి: బట్టీ పట్టిన జవాబు పరీక్షను గట్టెక్కిస్తుందేమో కానీ ప్రాణాన్ని కాపాడలేదు; మన మాట నమ్మి ఒకరు ముందుకు అడుగు వేస్తున్నప్పుడు, తెలియనిదాన్ని తెలియదని చెప్పడమే అన్నిటికన్నా ముందు నేర్వాల్సిన విద్య.