నియమాలు మింగిన ఊబి

నీలవరం రాజు రణభీముడు. పేరుకే రణభీముడు గానీ, ఆయనకు కత్తుల కంటే పిట్టలంటేనే ప్రాణం. చలికాలం వచ్చిందంటే మేడెక్కి కూర్చుని, కోట పక్కనున్న చిత్తడిలో దిగే గూడబాతుల్ని చూస్తూ రాచకార్యాలన్నీ మరిచిపోయేవాడు.

ఆ ఏడు ఒక్క గూడబాతూ రాలేదు. అంతకుముందు వానాకాలంలో చిత్తడిలో ఇంకాల్సిన నీళ్ళు కాస్తా గుర్రపుశాలలోకి వచ్చాయి.

"నా చిత్తడికి ఏమైంది?" అని సభలో కేకేశాడు రాజు. "దాన్ని మళ్ళీ బతికించేవాళ్ళకి ఖజానా తెరుస్తాను. నా బాతులు నాకు కావాలి!"

తటాకాధికారి హేరంబామాత్యుడు పట్టు ఉత్తరీయం సవరించుకుంటూ లేచాడు. చిత్తడి బాగు కోసం ఏటా ఇచ్చే సొమ్మంతా ఆయన చేతికే వెళ్ళేది. దాంతో గట్టు మీద రాతి తోరణం కట్టించి, తన పేరు చెక్కించుకున్నాడు. పోయినేడు పాలరాతి గూడబాతును నిలబెట్టాడు. అసలు బాతులు దాన్ని చూసి ఏమనుకున్నాయో ఏమో!

"ప్రభూ, ఈసారి బంగారు పూత పూసిన బాతును..." అని మొదలుపెట్టాడు.

అంతలో గుమ్మం దగ్గర గొడవ. మోకాళ్ళ దాకా బురదతో ఉన్న ఒకామెను భటులు ఈటెలు అడ్డం పెట్టి ఆపుతున్నారు. ఆమె పేరు నూకాలు, ఊబిపేట పెద్ద. ఊబిపేటవాళ్ళు తరతరాలుగా చిత్తడి అంచున తుంగచాపలు అల్లుకుంటూ, చేపలు పట్టుకుంటూ బతికేవాళ్ళు. కోటలోవాళ్ళు వాళ్ళని గడప తొక్కనిచ్చేవాళ్ళు కాదు.

"ప్రభూ!" అని అక్కడి నుంచే అరిచింది నూకాలు. "మా పేట పక్కన పూడిక మేమే తీశాం. మూసుకుపోయిన కాలవ తెరిచాం. అక్కడ కొంగలు దిగుతున్నాయి. చిత్తడంతా బాగుచేస్తాం. కానీ పూడిక తీసే రోజు వల వెయ్యలేం, వల వెయ్యని రోజు పొయ్యి వెలగదు. పోయిన వానలకి పిల్లల్ని ఇంటికప్పు మీద కూర్చోబెట్టి కాపాడుకున్నాం. మాకూ సాయం చెయ్యండి!"

రాజు ముఖం వికసించింది. హేరంబుడు చిన్నగా దగ్గాడు.

"తప్పకుండా ఇవ్వచ్చు ప్రభూ. నియమాలు మాత్రం అందరికీ ఒకటే. విన్నపం పద్యంలో ఉండాలి. విన్నవించుకునేవారి పాదాలకు మట్టి అంటకూడదు. ఇద్దరు సామంతులు హామీ ఉండాలి."

"బురద తీసేవాళ్ళ కాళ్ళకి బురద కాక గంధం ఉంటుందా?" అంది నూకాలు.

సామంతులు పకపకా నవ్వారు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి గానీ తల మాత్రం దించలేదు. రాజుకి ఏం చెయ్యాలో తోచలేదు. నియమాలు పెట్టే హక్కూ, తీసేసే హక్కూ హేరంబుడికే ఇస్తూ తానే ఒకప్పుడు మాటిచ్చి ఉన్నాడు.

రాజు వెనక గొడుగు పట్టుకునే గవరయ్య ఇదంతా చూస్తున్నాడు. గొడుగు నీడ రాజుకి, ఎండ గవరయ్యకి. అందుకేనేమో, ఎండలో ఉన్నవాళ్ళంటే అతనికి అభిమానం.

"ప్రభూ, అమాత్యులవారి నియమాలు భేషుగ్గా ఉన్నాయి. అయితే విన్నపం ఎక్కడ వినాలో అందులో లేదు. చిత్తడి సంగతి కదా, రేపు చిత్తడి దగ్గరే విందాం. బంగారు బాతు కోసం అయ్యగారు చదివే విన్నపం పద్యం కొంగలు కూడా వింటాయి."

రాజుకి ఆ మాట నచ్చింది. హేరంబుడికి ఇంకా నచ్చింది.

మర్నాడు పొద్దున రాజూ, సభా, ఊబిపేట జనం గట్టు మీద చేరారు. హేరంబుడు పల్లకీ దిగాడు. గవరయ్య వంగి వంగి దండాలు పెట్టాడు.

"అయ్యా, అదిగో, ఆ పచ్చిక మీద నిలబడండి. మీ పద్యం అందరికీ వినిపిస్తుంది, మీ పట్టుబట్ట అందరికీ కనిపిస్తుంది."

"అది గట్టి నేలేనా?"

"ఇన్నేళ్ళ తటాకాధికారికి నేను చెప్పాలా?"

ఆ మాటతో హేరంబుడు ఛాతీ విరుచుకుని పచ్చిక మీదికి నడిచాడు. నూకాలు చప్పుడు చెయ్యకుండా చెక్కపలకా, తాడూ దగ్గర పెట్టుకుంది.

"ఓ రాజచంద్రమా!" అన్నాడు హేరంబుడు. చీలమండలు మునిగాయి. రెండో పాదానికి మోకాళ్ళు మునిగాయి. మూడో పాదానికి నడుము దాకా దిగిపోయాడు.

"కాపాడండి! ఎవరైనా లాగండి!"

నూకాలు పలక ఎత్తింది. గవరయ్య గొడుగు అడ్డం పెట్టాడు.

"ఆగు నూకాలూ. అయ్యగారిది విన్నపం, నియమం ప్రకారమే వినాలి. అయ్యా, మీరిప్పుడన్నది పద్యం కాదు, వచనం. పాదాలు శుభ్రంగా ఉన్నాయో లేదో కనబడటం లేదు. హామీకి ఎవరైనా సామంతులు..."

సామంతులంతా రెండడుగులు వెనక్కి వేశారు.

"నియమాలు గంగలో కలవనీ!" అని గొంతు చించుకున్నాడు హేరంబుడు. "రద్దు! అన్నీ రద్దు! ముందు నన్ను పైకి లాగండి!"

గవరయ్య గొడుగు తీసేసి రాజు వైపు తిరిగాడు.

"ప్రభూ, తటాకాధికారి ఆజ్ఞ విన్నారుగా! నియమాలన్నీ రద్దు!"

రాజు ఒక్క క్షణం తెల్లబోయాడు. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. ఈలోగా నూకాలు మనుషులు పలక వేసి, తాడు కట్టి, హేరంబుణ్ణి గట్టెక్కించారు. చెప్పులు మాత్రం ఊబికే చెల్లాయి.

"ఇక సొమ్ము నేరుగా ఊబిపేటకే!" అన్నాడు రాజు. "ఇంకేం కావాలి నూకాలూ?"

"పని మాది ప్రభూ. ఎక్కడ తవ్వాలో, దేనికెంత పెట్టాలో చెప్పే మాట కూడా మాదే కావాలి."

"ఇచ్చాను!" అని, రాజు మెడలోని ముత్యాలహారం తీసి గవరయ్య మెడలో వేశాడు.

ముఖం తుడుచుకుంటూ హేరంబుడు నీరసంగా అడిగాడు: "మరి నేనేం చెయ్యాలి?"

నూకాలు అతణ్ణి పైనుంచి కిందికి చూసింది.

"రేపు పొద్దున్నే రండయ్యా. బురద మోసే బుట్ట మేమే ఇస్తాం. మధ్యాహ్నం గంజి కూడా మాతోనే తాగుదురు గాని!"

గట్టంతా గొల్లుమంది. రాజు నవ్వు ఆపుకోలేక గవరయ్య భుజం పట్టుకున్నాడు.