నాలుగు వందల పన్నెండు ఆటలు దాచిన పెట్టె

ఒక ఇంట్లో రెండు కంప్యూటర్లు ఉండేవి. పెద్దది ఆడటానికి. చిన్నది దాచటానికి.

పెద్దది ఆన్ చేస్తే ఫ్యాను హోరుకి పక్క గదిలో మాట వినపడేది కాదు, మీటరు గిర్రున తిరిగేది. అందుకని వారానికి ఒక్క గంటే, ఆదివారం పొద్దున. చిన్నది టిఫిను డబ్బా అంత పెట్టె. జీరో బల్బు తాగినంత కరెంటు తాగి, రాత్రీ పగలూ మెలకువగా ఉండి, ఆటల్ని ఇంటర్నెట్ నుంచి బొట్టుబొట్టుగా దించి లోపల పేర్చుకునేది. వాటిలో ఒక్కటి ఆడే శక్తి కూడా దానికి లేదు.

ఊరికే ఇస్తున్నారంటే ఏ ఆటనీ వదిలేవాడు కాదు ఇంటాయన.

"ఇన్నెప్పుడు ఆడతారండీ?" అనేది ఇంటావిడ.

"రిటైరయ్యాక."

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. అత్తగారి నాటిది. పాత ఆవకాయ జాడీ అడుగంటితే తప్ప కొత్త జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ విప్పకూడదు. విప్పేసరికి ఆ కొత్తదీ పాతదయ్యేది. కొత్తావకాయ రుచి ఎలా ఉంటుందో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. అయినా అందరూ బాగుందనే తినేవారు.

ఇంటాయన ఆటలకీ అదే పద్ధతి. మొదటిది పూర్తయితేగాని రెండోది తెరవడు. మొదటి ఆటలో ఒక సైనికుడు వంతెన దాటాలి. పదకొండేళ్ళుగా దాటుతూనే ఉన్నాడు. వంతెన మధ్యలో ఒక రాక్షసి లేస్తుంది, సైనికుడు కాలవలో పడతాడు, గంట అయిపోతుంది.

"ఆడటమంటే ఎలా ఉంటుంది?" అని ఒకసారి చిన్న పెట్టె పెద్దదాన్ని అడిగింది.

"నన్నడిగితే ఏం చెప్పను? వంతెనలా ఉంటుంది," అంది పెద్ద పెట్టె.

ఒక సోమవారం ఇంటాయన మేడ ఎక్కుతూ మూడో మెట్టు మీద కూర్చుండిపోయాడు. చెమటలు పట్టాయి. చెయ్యి లాగింది. ఆసుపత్రిలో గుండెకి స్టెంటు వేశారు.

మూడో రోజు ఆయన లుంగీల కోసం ఇంటావిడ ఇంటికొచ్చింది. తాళం తీసేసరికి, ఎవరూ లేని గదిలో చిన్న పెట్టె పచ్చదీపం మిణుకుమంటోంది.

"ఎవరికోసమే దించుతున్నావు?" అంది.

"ఆయన కోసం."

"ఆయనెక్కడున్నారో తెలుసా?"

"తెలీదండి. మూడు వందల తొంభై ఎనిమిదోది సగం దిగింది."

ఇంటావిడ లుంగీలు ఒళ్ళో పెట్టుకుని అక్కడే కూర్చుంది.

"వారానికి గంట చొప్పున ఇవన్నీ ఆడాలంటే ఎన్నాళ్ళు పడుతుందో చెప్పు."

చిన్న పెట్టెకి లెక్కలు అంత తొందరగా రావు. చాలాసేపు గింజుకుంది.

"ఒక్కో ఆటకి నలభై గంటలు వేసుకుంటే, మూడు వందల ఏళ్ళ పైమాట. అదీ ముందు వంతెన దాటితే."

ఇంటావిడకి నవ్వొచ్చింది. నవ్వు మధ్యలో లుంగీతో కళ్ళు తుడుచుకుంది.

ఆరో రోజు ఇంటాయన ఇంటికొచ్చాడు. మెల్లగా నడిచేవాడు, మెల్లగా తినేవాడు. ఆదివారం పొద్దున మళ్ళీ వంతెన ముందు కూర్చున్నాడు. రాక్షసి లేచింది. సైనికుడు పడ్డాడు.

"పోనీ వేరేది చూడకూడదూ?" అంది ఇంటావిడ.

"ఇది కానీ. తొందరేముంది?"

ఆ మాటకి ఆవిడ మందుల డబ్బా తెరిచి ఆయన ముందు పెట్టింది.

మరి కొన్ని వారాలకి చిన్న పెట్టె నిండిపోయింది. అప్పుడు మధ్యాహ్నం, మాత్రలు వేసుకుని ఇంటాయన పడుకుని ఉన్నాడు.

"నాలుగు వందల పన్నెండు. ఇంక చోటు లేదు," అంది పెట్టె. "ఒకటి తీసేస్తేనే ఇంకొకటి."

"మొదటిది తీసెయ్," అంది ఇంటావిడ.

"అది ఆయన ఆడుతున్నారండి."

"తెలుసు."

"పదకొండేళ్ళుగా."

"నాకు చెబుతావేం? తియ్యమన్నాను."

పెట్టె తీసేసింది. దాని శక్తికి అరగంట పట్టింది. పెద్ద పెట్టె ఆన్ చేసి, అందులో ఉన్న వంతెననీ ఆవిడే తీయించింది.

ఆ హోరుకి ఇంటాయన లేచి వచ్చి చూశాడు. "నా వంతెన ఏదీ?"

"తీయించేశాను."

"ఇంకా దాటలేదే నేను!"

"దాటరు."

ఆయన ముఖం ఎర్రబడింది. ఆవిడ కళ్ళు చూశాడు. కుర్చీలో కూలబడి తెర మీద ఆటల పట్టిక పైకీ కిందకీ తిప్పాడు. నాలుగు వందల పదకొండు పేర్లు. వేలు ఒక్కదాని మీదా ఆగలేదు.

"ఇప్పుడేం ఆడను?" అన్నాడు. గొంతులో కోపం లేదు. భయం ఉంది.

ఇంటావిడ వంటింట్లోంచి స్టూలు తెచ్చి పక్కన వేసుకుంది.

"ఇదిగో పెట్టే, ఇద్దరాడేది ఏదైనా ఉందేమో చూడు."

పెట్టె అన్నీ వెతికింది. "ఒక్కటీ లేదండి. అన్నీ ఒక్కళ్ళాడేవే."

"అయితే ఖాళీ అయిన చోటులోకి దించు."

సాయంత్రానికి ఒకటి దిగింది. ఒకే తాడుకి కట్టిన రెండు కప్పలు గుంటలు దూకుతూ పోవాలి. ఒకటి ఆగితే రెండూ పడతాయి.

మొదటి గుంటలోనే పడ్డారు.

"నువ్వు దూకలేదు," అన్నాడు ఇంటాయన.

"మీరు లాగలేదు."

మళ్ళీ పడ్డారు. ఏడోసారికి గుంట దాటారు. పెద్ద పెట్టె ఫ్యాను హోరులో ఇంటాయన చిన్నపిల్లాడిలా అరిచాడు. "గుండె, గుండె!" అని ఆవిడ కసిరింది. కసురుతూనే రెండో గుంట మీదికి దూకింది.

నాలుగో గుంట దగ్గర కరెంటు పోయింది. పెద్ద పెట్టె ఒక్కసారిగా మూగబోయింది. చిన్నది మాత్రం తన చిన్న బ్యాటరీ మీద వెలుగుతూనే ఉంది.

"ఎక్కడిదాకా వచ్చారో దాచలేదండి," అంది అది కంగారుగా. "మళ్ళీ మొదటినుంచే. ఈసారి నుంచి దాచి ఉంచమంటారా?"

ఇంటాయన నల్లటి తెరనీ, చెమట పట్టిన భార్య ముఖాన్నీ చూశాడు.

"వద్దులే," అన్నాడు.

ఇంటావిడ పేపరు మడిచి ఇద్దరికీ తగిలేలా విసరటం మొదలుపెట్టింది.

"ఈసారి ముందు నేను దూకుతాను," అంది.

"దూకే ముందు నాకు చెప్పు."

"చెబితే మీరు ఆలోచిస్తూ కూర్చుంటారు."

కరెంటు ఇంకా రాలేదు. ఇద్దరిలో ఎవరూ లేవలేదు.