జీడివాగు వంపు

ఓదెలు గురువు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. అడిగినవాణ్ని ఒకసారి చూసి, చేతిలో ఉన్న పని చేసుకుంటూ పోయేవాడు. జవాబు వస్తే మరునాడు వచ్చేది, లేదంటే లేదు. ఆయన దగ్గర ఉపదేశం తీసుకున్నవాళ్లందరికీ ఇది అలవాటే. రాజేశం మాత్రం ఆ సాయంత్రం ఆగలేకపోయాడు.

"గురువుగారూ, చెడిపోయినదాన్ని బాగుచేస్తే అది నిజంగ బాగైనట్టేనా? లేకపోతే మన కండ్లకు అట్ల కనబడుతదా?"

అతను ఊరికే అడగలేదు. రాజేశం పుట్టిన ఊరు బొగ్గుగని కింద పోయింది. ఇండ్లు, పొలాలు, వాటి నడుమ పారే జీడివాగు, అన్నిటినీ పెకలించి పాతాళం కనబడేదాకా తవ్వారు. బొగ్గు అయిపోయాక, గుట్టలుగా పోసిన రాళ్లూ మట్టీ మళ్లీ ఆ గోతిలోనే నింపి, పైన పలుచగా నల్లమట్టి పరిచారు. ఆ నేలమీద చెట్లు పెంచడానికి, వాననీళ్లు పోయేందుకు కాలువలు తీయడానికి మనుషులు కావాలంటే రాజేశం కోరి చేరాడు. జీడివాగును మళ్లీ పారించి చూపిస్తానని, ఊరు పోయినవాళ్లంతా ఉంటున్న కాలనీలో అందరితో అన్నాడు కూడా.

చూపించలేకపోయాడు. నింపిన మట్టి లోలోపల కుంగుతూనే ఉంది. కాలువ ఒకచోట దిగబడితే నీళ్లు పక్కకు తెగి, వాలును కోసుకుంటూ పోయేవి. పేర్చిన రాళ్లు దొర్లి కిందికొచ్చేవి. నాటిన మొక్కలు మోకాలెత్తు లేచి పసుపుబారేవి. కాలువలో నిలిచిన నీళ్లు తుప్పు రంగులో ఉండేవి. పశువులు మూతి పెట్టబోయి వెనక్కి తీసుకునేవి. మొన్నటి వానకు కాలువ మళ్లీ తెగింది. ఇక ఈ పని తనవల్ల కాదని చెప్పడానికే అతను గురువు దగ్గరికి వచ్చాడు. తీరా నోరు తెరిస్తే ప్రశ్న వచ్చింది.

"రేపు పెత్తరమాస," అన్నాడు గురువు. "పొద్దుగాల నేను గూడ వస్త కాలువకాడికి."

తెల్లవారి ఇద్దరూ తెగినచోట బురద ఎత్తిపోస్తుండగా, కాలనీ నుంచి బుచ్చవ్వ వచ్చింది. పోయినవాళ్లకు అన్నం పెట్టుకునే రోజు గనుక చేతిలో మూట ఉంది. ఆమె తొలిచూలు బిడ్డ మాటలు నేర్వకముందే పోతే జీడివాగు వంపు దగ్గర పాతిపెట్టారు. ఊరున్నన్నాళ్లూ పెత్తరమాసకు అక్కడ అన్నం పెట్టేది. గని నడిచినన్నాళ్లూ ఆమెను ఇటు రానివ్వలేదు. ఇప్పుడు కంచె తీసేశారని విని, తోవ అడుక్కుంటూ వచ్చింది.

"కొడుకా, మన వాగు వంపు ఏడుంది?"

రాజేశం పార కింద పెట్టాడు. వంపు ఎక్కడా లేదు. అక్కడి మట్టి ఏ లారీకెక్కి ఏ గుట్టమీద పడిందో, ఏ గుట్ట తిరిగొచ్చి ఈ గోతిలో ఏ మూల కలిసిందో చెప్పగలవాడు లేడు. తాము తీసిన కాలువేమో గీత గీసినట్టు తిన్నగా ఉంది. "అవ్వా, అది..." అన్నాడు. ఆమె అతని మొహంలోకే చూస్తూ నిలబడింది.

గురువు పార అందుకుని, తెగినచోటు పక్కన తవ్వడం మొదలుపెట్టాడు. తిన్నని కాలువను కొంచెం కొంచెంగా ఎడమకు తిప్పసాగాడు. ఆయన ఏం చేస్తున్నాడో అర్థమయ్యేసరికి రాజేశానికి ఒళ్లు మండింది. ముసలామెను మోసం చేయడానికి ఈయనకు మనసెట్లా వచ్చింది? అయినా ఆ వయసులో ఆయన రొప్పడం చూడలేక తానూ పార పట్టాడు. బుచ్చవ్వ మూట ఒళ్లో పెట్టుకుని రాయిమీద కూచుంది.

ఎండెక్కేసరికి నీళ్లు వంపు తిరిగాయి. బుచ్చవ్వ లేచి వచ్చి చాలాసేపు చూసింది.

"ఇది కాదు," అంది. "మన వంపుకాడ నీళ్లు సప్పుడు చేస్తుండె."

రాజేశం తల దించుకున్నాడు. గురువు పారమీద చేతులానించి నిలబడ్డాడు. బుచ్చవ్వ వంగి పిడికెడు మట్టి తీసి వేళ్లతో నలిపి చూసింది. అది బూడిద రంగు మట్టి, లోతునుంచి వచ్చి ఎప్పుడూ ఎండ చూడనిది.

"ఈ మట్టి ఏడికెల్లి తెచ్చి పోసిన్రు కొడుకా?"

"ఎరుకలేదవ్వా. అంత కలిసిపోయింది."

ఆమె మట్టిని మెల్లగా కింద వదిలింది. తర్వాత కూచుని మూట విప్పి, విస్తరాకులో అన్నం, కూర, బెల్లం ముక్క పెట్టి, చుట్టూ నీళ్లు తిప్పింది.

"ఎవల బిడ్డ ఉన్నదో ఈడ," అంది. "తిననియ్యి."

కొంగుతో చేతులు తుడుచుకుని, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

మధ్యాహ్నం వాన పట్టుకుంది. మర్నాడు రాజేశం వెళ్లేసరికి వంపు లేదు, విస్తరి లేదు. తవ్విన గట్టు మొత్తం జారి, నీళ్లు కొత్త గండి కొట్టుకుని ఎటో పోతున్నాయి. అతను అక్కడ నిలబడలేక నేరుగా గురువు ఇంటికొచ్చాడు. గురువు వాకిట్లో కూచుని పారకు కొత్త కామ వేస్తున్నాడు.

"మొత్తం పోయింది గురువుగారూ. ఆమె మనల్ని నమ్మనైన నమ్మలేదు. అది కాదని తెలిసి కూడ ఎందుకు పెట్టింది?"

గురువు తల ఎత్తలేదు.

"వండి తెచ్చిన అన్నం, రాజేశం. మళ్ల ఇంటికెట్ల తీస్కపోతది?"