రాజుగారు తిన్న సున్నిపిండి

అనగనగా ఒక రాజ్యం. మీ ఊరికి దూరం, మా ఊరికి ఇంకా దూరం, కథకు మాత్రం పక్క వీధే. ఆ రాజ్యం పేరు కందిమల్లె. దాన్ని ఏలే రాజు కుంభోదర వర్మ. మంచివాడే. ప్రజలను కన్నబిడ్డల్లా చూసుకునేవాడు. సున్నుండలను మాత్రం అంతకన్నా బాగా చూసుకునేవాడు.

మినప్పిండి, బెల్లం, నెయ్యి కలిపి ఉండలు చుట్టి పళ్ళెం ముందు పెడితే, శత్రువు కోట తలుపు తట్టినా సరే, పళ్ళెం ఖాళీ అయ్యాకే లేచేవాడు. అలా తినగా తినగా సింహాసనం ఇరుకైపోయింది. రాజవైద్యుడు వచ్చి పొట్ట నొక్కి చూశాడు.

"ప్రభూ! సింహాసనమైనా మార్చాలి, తిండైనా మార్చాలి. ఇక మీదట తమరు సున్నుండ ముట్టకూడదు" అన్నాడు.

రాజు ఏడ్చినంత పని చేశాడు. ఆనాటి నుంచి కోట వంటింట్లో సున్నుండ పేరెత్తితే వంటవాళ్ళు ఒకరి నోరు ఒకరు మూసేవారు.

ఇలా ఉండగా రాణి వకుళాదేవికి ఆడపిల్ల పుట్టింది. బారసాలకు ముహూర్తం పెట్టి ఊరంతా దండోరా వేయించారు. ఎవరి శక్తి కొద్దీ వాళ్ళు కానుక తేవచ్చు. కానుకను ముందు కొలువులో చదివిస్తారు. రాజుగారు మెచ్చితే, తెచ్చినవాళ్ళు అంతఃపురంలోకి వెళ్ళి బిడ్డను ఎత్తుకోవచ్చు.

ఆ మాట విని మంగతాయి అనే ఆవిడ ఎగిరి గంతేసింది. ఎందుకంటే, రాణి కాకముందు వకుళ ఆవిడ పక్కింటి పిల్ల. ఇద్దరూ ఒకే జామచెట్టెక్కి, ఒకే కొమ్మ విరిచి, ఒకేసారి కిందపడ్డవాళ్ళు. పెళ్ళయి వకుళ కోటలోకి వెళ్ళాక మంగతాయి ఎన్నిసార్లు వచ్చినా ద్వారం దగ్గరే ఆపేశారు. "రాణిగారికి నువ్వేమవుతావు?" అని అడిగేవారు. జామచెట్టు సంగతి చెబితే నవ్వేవారు. పాపం, స్నేహితురాలిని చూడాలని ఆవిడ ప్రాణం కొట్టుకుపోయేది.

అయితే ఇంట్లో చూస్తే కానుకకు తగ్గదేమీ లేదు. డబ్బాలన్నీ దులిపితే పెసలు దొరికాయి. గుప్పెడు బియ్యం దొరికాయి. పెరట్లో పసుపు కొమ్ములున్నాయి. పొరుగింటి కంచె మీంచి రాలిన గులాబీ రేకలు ఎండబెట్టినవి ఉన్నాయి. వాసనకు కాసిని కచ్చూరాలు ఉన్నాయి. అన్నీ కలిపి తిరగలిలో విసిరి, పలచటి గుడ్డలో జల్లించి, ఘుమఘుమలాడే సున్నిపిండి చేసింది. చిన్న కుండలో పోసి మూతికి గుడ్డ కట్టింది.

మొగుడు వీరాసామి చూసి, "ఓసి నీ అసాధ్యం కూలా! అందరూ బంగారం పట్టుకెళ్తుంటే నువ్వు పిండి పట్టుకెళ్తావటే?" అన్నాడు.

"బంగారం పెట్టి పసిదాని ఒళ్ళు రుద్దుతారా ఏంటి? గీసుకుపోదూ?" అంది మంగతాయి.

బారసాల నాడు కొలువు కిటకిటలాడింది. మంత్రి బుద్ధిసాగరుడు బంగారు గిలక్కాయ ఇచ్చాడు. వర్తకుడు కుబేరయ్య ఏడు సముద్రాల అవతలి అత్తరు ఇచ్చాడు. ఆస్థాన కవి అతిశయ శర్మ నూరు పద్యాలు చదవబోతే, రాజుగారు మొదటి పద్యానికే చప్పట్లు కొట్టి ఆపించాడు. తరువాత మంగతాయి వంతు వచ్చింది. చదివింపుల భటుడు గొంతు సవరించుకుని, "మంగతాయి గారి చదివింపు, ఒక కుండెడు సున్నిపిండి!" అని అరిచాడు.

ఇక్కడే వచ్చింది చిక్కు. ఒళ్ళు రుద్దుకునేదీ సున్నిపిండే. కొందరిళ్ళలో సున్నుండలు చుట్టే పిండినీ సున్నిపిండే అంటారు. రాజుగారిది అలాంటి ఇల్లు. ఆ మాట చెవిన పడగానే ఆయన సింహాసనం లోంచి ఊడొచ్చినట్టు లేచాడు.

"ఏదీ, ఏదీ! ఇలా తే!"

రాజవైద్యుడు దగ్గాడు.

"బిడ్డకు వచ్చిన కానుక కాదనకూడదయ్యా, కళ్ళు పోతాయి" అని రాజు కుండ లాక్కున్నాడు.

"ప్రభూ, అది..." అంది మంగతాయి.

"నెయ్యి తెండి!" అన్నాడు రాజు.

"ప్రభూ, అది మరి..."

"బెల్లం తెండి!"

"ప్రభూ, ఒక్క మాట..."

"ష్! ప్రభువులు తినేటప్పుడు మాట్లాడితే కొరడా దెబ్బలు" అని భటుడు కళ్ళెర్రజేశాడు.

"పచ్చగా ఉందేం? ఆ, పెసరపప్పు కలిపినట్టుంది" అని తనకు తానే చెప్పుకుని, రాజు స్వహస్తాలతో ఉండలు చుట్టాడు. ఒకటి నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. ముఖం ఒకలా అయింది. కనుబొమలు పైకి వెళ్ళాయి, మీసాలు కిందికి దిగాయి. చాలాకాలమైంది కదా, నాలుక రుచి మరిచిపోయిందేమో అనుకున్నాడు.

"మంత్రీ, నువ్వు తిని చెప్పు. నా నోరే పాడయిందా?"

రాజుగారి నోరు పాడయిందని ఎవరంటారు? మంత్రి ఉండ మింగి, కళ్ళు మూసుకుని, "అమృతం ప్రభూ! కాస్త నెయ్యి తగిలితే మోక్షం" అన్నాడు.

"కుబేరయ్యా, నువ్వో?"

కుబేరయ్య నోట్లో పసుపు బంకలా అంటుకుంది. అయినా తగ్గలేదు. "ఆహా! పిండి మా కొట్టుదే ప్రభూ. ఆ రుచి ఇంకెక్కడ దొరుకుతుంది?" అన్నాడు.

"కవీ?"

అతిశయ శర్మ పళ్ళ సందున గులాబీ రేక ఇరుక్కుంది. "నా నాలుక మీద వసంతం పూసింది ప్రభూ!" అన్నాడు. తరువాత ఎక్కిళ్ళు వచ్చాయి.

ముగ్గురూ అలా అనేసరికి రాజుకు ధైర్యం వచ్చింది. లోపం తన నాలుకదే అని తేల్చుకున్నాడు. "అమ్మా మంగతాయీ! ఇక నువ్వు రోజూ కోటకు వచ్చి ఈ ఉండలే చుట్టాలి. రాణినీ బిడ్డనూ ఎప్పుడు కావాలంటే అప్పుడు చూసుకో" అన్నాడు.

ఇన్నాళ్ళూ మంగతాయి కోరుకున్నది అదే కదా! పక్కనే నిలబడ్డ కుబేరయ్య ఆవిడ చెవిలో గొణిగాడు. "నోరు మూసుకో తల్లీ. నీకూ లాభం, మాకూ పరువు."

అబద్ధం ఆడనక్కర్లేదు. ఊరుకుంటే చాలు. ఉన్నమాట చెప్పాలంటే, ఊరుకుందామనే అనుకుంది. కొరడా సంగతి కూడా గుర్తొచ్చింది మరి.

అంతలో రాజు అన్నింటికన్నా పెద్ద ఉండ తీసి వెండి గిన్నెలో పెట్టాడు. "ఇది రాణికి. సున్నుండ బాలింతకు బలం. వెంటనే తినిపించండి" అని దాసికిచ్చాడు.

దాసి నాలుగడుగులు వేసిందో లేదో, మంగతాయి పరుగెత్తుకెళ్ళి గిన్నె పట్టేసుకుంది.

"కొడితే కొట్టండి ప్రభూ! మా వకుళ చేత మాత్రం ఇది తినిపించకండి. ఇది తినేది కాదు, ఒంటికి రుద్దుకునేది!"

మంత్రి గబగబా మూతి తుడుచుకున్నాడు.

"రుద్దుకునేదా?" అన్నాడు రాజు.

"అవును ప్రభూ. పసిబిడ్డకు నలుగు పెట్టే పిండి."

"మరి నేను తింటుంటే చెప్పవేం?"

"చెప్పబోయాను ప్రభూ. తమరు నెయ్యి అడిగారు. మళ్ళీ చెప్పబోయాను. బెల్లం అడిగారు."

రాజు వైద్యుడి వంక భయంగా చూశాడు. వైద్యుడి ముఖం వెలిగిపోతోంది. "ప్రాణభయం లేదు ప్రభూ, అన్నీ గింజలూ దుంపలే. పైగా ఇక సున్నుండ పేరెత్తితే తమకే డోకొస్తుంది. నా మందు చేయలేని పని ఈవిడ పిండి చేసింది" అన్నాడు.

రాజు మెల్లగా ఆ ముగ్గురి వైపు తిరిగాడు.

"అమృతం, మా కొట్టు సరుకు, వసంతం! బాగుంది. నా నాలుక నిజమే చెప్పింది. మీ నాలుకలే చెప్పలేదు. ఇంత ఇష్టపడ్డవాళ్ళను ఆకలితో పంపకూడదు. ఒరేయ్, వీళ్ళకు విస్తళ్ళు వేయండి! చుట్టిన ఉండలన్నీ వడ్డించండి!"

మంత్రి కాళ్ళ మీద పడ్డాడు. కుబేరయ్య పిండి తన కొట్టుది కాదని ఒట్టు పెట్టాడు. కవి ఎక్కిళ్ళ మధ్యనే క్షమాపణ చెప్పాడు. అయినా తలా ఒక ఉండ తినక తప్పలేదు.

అప్పుడు రాజుకు నవ్వొచ్చింది. పొట్ట పట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. "వెళ్ళమ్మా, లోపలికి వెళ్ళు. కోటలో నీకిక ఏ తలుపూ అడ్డం లేదు. నన్ను నవ్వులపాలు చేసినా, నా భార్యను కాపాడింది నువ్వొక్కదానివే" అన్నాడు.

మంగతాయి కుండ చంకన పెట్టుకుని అంతఃపురంలోకి అడుగుపెట్టింది. "రాణిగారూ" అని చేతులు జోడించబోయింది.

"ఒసే మంగా! రాణిగారేంటే, నీ మొహం!" అని వకుళ లేచొచ్చి వాటేసుకుంది. కొలువులోని గోలంతా ఆవిడ చెవిన పడనే పడింది. నవ్వీ నవ్వీ ముఖం కందిపోయి ఉంది. "మా ఆయన తినగా ఏమైనా మిగిలిందా?"

"అడుగున గుప్పెడుందే."

"పసిదానికి గుప్పెడు చాలదూ!"

ఇద్దరూ పీటలు వేసుకుని, కాళ్ళు చాపి, బిడ్డను పడుకోబెట్టుకుని నలుగు పెట్టారు. పక్కన బంగారు గిలక్కాయ ఉన్నా బిడ్డ దానివైపు చూడలేదు. మంగతాయి పచ్చటి వేలు పట్టుకుని కిలకిలా నవ్వింది. ఆ నవ్వు చూసి మంగతాయికి దుఃఖమూ సంతోషమూ కలిసి వచ్చాయి.

పిల్లలూ, విన్నారుగా! మెప్పు కోసం ఆడే మాట నోటికి తీపిగా ఉన్నా కడుపుకు చేటే. నిజం నలుగుపిండి లాంటిది, రుద్దినప్పుడు కాస్త గరుకు, మురికి వదిలించేది మాత్రం అదే.